ఒకే ముహూర్తం, ఒకే హాలు, రెండు పెళ్ళిళ్ళు: చిన్న వెబ్ సర్వీస్‌కి టెస్టులు ఎక్కడ మొదలుపెట్టాలి

మా మావయ్యకి గుంటూరు జిల్లాలో ఒక ఫంక్షన్ హాలుంది. దాని బుకింగ్ వెబ్‌సైట్ నేనే రాశాను, పైథాన్‌లో ఫాస్ట్‌ఏపీఐ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్, వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, మొత్తం కలిపి రెండు వేల లైన్లు కూడా ఉండవు. ఆషాఢం అయిపోయి శ్రావణం వస్తోందంటే ముహూర్తాలు పెట్టించుకున్నవాళ్ళంతా ఒకేసారి హాళ్ళ మీద పడతారు కదా, అలాంటి రోజుల్లో ఒక రాత్రి రెండు కుటుంబాలు ఒకే తేదీకి అడ్వాన్స్ కట్టేశాయి, ఇద్దరికీ "మీ బుకింగ్ ఖరారైంది" అని మెసేజ్ కూడా వెళ్ళిపోయింది. పొద్దున్నే మావయ్య ఫోన్ చేసి "ఏమ్మా, ఇద్దరికీ ఎలా ఇచ్చేసిందమ్మా అది?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అప్పటికే ఒక కుటుంబం శుభలేఖలు అచ్చుకి ఇచ్చేసింది.

నన్ను బాగా కలచివేసింది ఏంటంటే, ఆ ప్రాజెక్ట్‌లో టెస్టులు, అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రాములు, ఉన్నాయి. అరవై పైగా ఉన్నాయి. ఆ రాత్రి కూడా అన్నీ పచ్చగానే, అంటే పాసైనట్టే ఉన్నాయి, కవరేజ్ రిపోర్ట్ తీస్తే బుకింగ్ ఫంక్షన్‌లో ప్రతి లైనూ టెస్ట్ అయినట్టే చూపిస్తోంది. మరి ఇన్ని పాసయ్యాక కూడా ఇలా ఎలా జరిగిందని ఒక్కో టెస్టూ తెరిచి చదివితే అప్పుడు కనపడింది, డేటాబేస్ ఉండాల్సిన చోట నేను ఒక మాక్ (మనం చెప్పమన్నదే చెప్పే ఉత్తుత్తి డేటాబేస్) పెట్టి, ఆ మాక్‌తో "ఆ తేదీ ఖాళీ" అని చెప్పించి, ఖాళీ అని వింటే నా కోడ్ బుక్ చేస్తుందా లేదా అని మాత్రమే చూసుకున్నాను. చేస్తుంది, అందులో అనుమానం లేదు. అసలు ఆ "ఖాళీ" అన్న మాట ఆ క్షణానికి నిజమేనా అన్నది ఒక్క టెస్ట్ కూడా అడగలేదు.

అందుకే ఈ వ్యాసం. చిన్న సర్వీస్‌కి టెస్టులు పెట్టాలనుకునేవాళ్ళు ముందు ఏ టూల్ వాడాలి, కవరేజ్ ఎంత శాతం ఉండాలి, యూనిట్ టెస్టా ఇంటిగ్రేషన్ టెస్టా అన్న మాటల్లో చిక్కుకుపోతారు, నేనూ అక్కడే చిక్కుకున్నాను. నాకు ఇప్పుడు అనిపించేది ఏంటంటే మొదటి ప్రశ్న అది కాదు, "ఏది తప్పయితే ఎవరికి నష్టం" అన్నది మొదటి ప్రశ్న, దానికి సమాధానం దొరికితే ఏ రకం టెస్ట్ కావాలో అదే తేలుతుంది.

అయినా ఆ పేర్లు ఒకసారి విడదీసి చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. యూనిట్ టెస్ట్ అంటే ఒక ఫంక్షన్‌ని ఒంటరిగా కూర్చోబెట్టి, ఇది ఇస్తే అది రావాలి అని చూడటం. ఇంటిగ్రేషన్ టెస్ట్ అంటే రెండు మూడు భాగాలు కలిసి పనిచేస్తున్నాయా అని, ఉదాహరణకి మన కోడూ డేటాబేసూ కలిపి చూడటం. ఎండ్ టు ఎండ్ అంటే నిజం మనిషిలాగే బ్రౌజర్ తెరిచి, ఫారమ్ నింపి, బటన్ నొక్కి చివరిదాకా వెళ్ళి చూడటం. 2009లో మైక్ కోన్ ప్రచారంలోకి తెచ్చిన టెస్ట్ పిరమిడ్ బొమ్మ చాలామంది చూసే ఉంటారు, అడుగున బోలెడు యూనిట్ టెస్టులు, మధ్యలో కొన్ని, పైన అతి కొద్దిగా బ్రౌజర్ టెస్టులు. ఆ బొమ్మ తప్పు అనను. కాకపోతే అప్పటి పరిస్థితి వేరు, ప్రతి టెస్ట్‌కీ ఒక శుభ్రమైన డేటాబేస్ తెచ్చుకోవడం అంటే పెద్ద తతంగం, 2013లో డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని విడిగా ఒక డబ్బాలో పెట్టి నడిపే టూల్) వచ్చాక ఆ పని క్రమంగా కొన్ని సెకన్లకి దిగిపోయింది. పైగా మనలాంటి చిన్న సర్వీస్‌లో లెక్కలు, అల్గారిథమ్‌లు ఎంత ఉంటాయి చెప్పండి, ఉన్నదంతా ఒక రిక్వెస్ట్ వస్తుంది, డేటాబేస్‌ని అడుగుతాం, రాస్తాం, డబ్బు తీసుకుంటాం, మెసేజ్ పంపుతాం, అంతే. తప్పులు ఫంక్షన్ లోపల కంటే ఈ అతుకుల దగ్గరే ఎక్కువ జరుగుతాయి. కాబట్టి చిన్న సర్వీస్‌కి నా ఓటు మధ్య అంతస్తుకే: ఏపీఐ (బయటి రిక్వెస్టులు సర్వీస్‌లోకి వచ్చే దారి) తలుపు తట్టి లోపలికి వెళ్ళే టెస్టులు, వెనకాల నిజమైన డేటాబేస్.

సెటప్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇది పెద్ద కష్టం కాదు. పైథాన్‌లో అయితే పైటెస్ట్ చాలు, ఫైల్ పేరూ ఫంక్షన్ పేరూ టెస్ట్ అనే పదంతో మొదలైతే అదే వెతికి పట్టుకుని నడుపుతుంది, అసర్ట్ అని రాసి కావాల్సింది రాయడమే. ఫాస్ట్‌ఏపీఐతో పాటు టెస్ట్‌క్లయింట్ అని వస్తుంది, దాంతో సర్వర్‌ని విడిగా స్టార్ట్ చేయకుండానే గెట్, పోస్ట్ రిక్వెస్టులు పంపొచ్చు. ప్రతి టెస్ట్‌కీ ముందు కావాల్సిన సరంజామాని, అంటే ఒక హాలు, ఒక కస్టమర్, ఒక ఖాళీ డేటాబేస్, ఫిక్స్చర్ల రూపంలో ఒకచోట పెట్టుకుంటే టెస్టులు చిన్నగా ఉంటాయి.

డేటాబేస్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఒక అడ్డదారి తొక్కుతారు. లైవ్‌లో పోస్ట్‌గ్రెస్ ఉంటుంది, టెస్టుల్లో మాత్రం ఎస్‌క్యూలైట్ పెట్టేస్తారు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, మెమరీలోనే నడుస్తుంది, వేగంగా ఉంటుంది అని. కానీ ఆ రెండూ ఒకలాగా ఉండవు. ఎస్‌క్యూలైట్‌లో ఒక కాలమ్‌కి 10 అక్షరాలే అని హద్దు పెట్టినా 500 అక్షరాలు రాస్తే మారుమాట్లాడకుండా తీసుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది. ఫారిన్ కీ చెకింగ్ (లేని హాలు పేరు మీద బుకింగ్ రాయకుండా చూసే కాపలా లాంటిది) ఎస్‌క్యూలైట్‌లో మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, ప్రతి కనెక్షన్‌కీ మనమే ఆన్ చేసుకోవాలి. లైక్ అని సెర్చ్ చేస్తే ఎస్‌క్యూలైట్ ఇంగ్లీష్ పెద్దక్షరాలు చిన్నక్షరాలు ఒకటే అనుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ వేరువేరు అంటుంది. అంటే లైవ్‌లో పగిలేది టెస్ట్‌లో పాసవుతుంది, ఆ దారిన మళ్ళీ నా మాక్ కథకే చేరుకుంటాం. డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టుకోండి, అదీ లైవ్‌లో ఉన్న వెర్షనే, లైవ్‌లో 16 ఉంటే ఇక్కడా 16.

ఒక టెస్ట్ రాసిన చెత్త ఇంకో టెస్ట్‌కి తగలకూడదు కదా, దానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ప్రతి టెస్ట్‌నీ ఒక ట్రాన్సాక్షన్ (ఒకే కట్టగా జరిగే డేటాబేస్ పని) లోపల నడిపి చివర్లో రోల్‌బ్యాక్ చేసేయడం, అంటే రాసిందంతా రద్దు చేయడం, చాలా వేగం. రెండోది ప్రతి టెస్ట్‌కి ముందు టేబుల్స్ అన్నీ ట్రంకేట్ చేయడం, అంటే ఖాళీ చేసేయడం, కొంచెం నెమ్మది కానీ ఏ మాయా లేదు. నేను రెండోదే వాడుతున్నాను, ఎందుకంటే రోల్‌బ్యాక్ పద్ధతిలో ఆ డేటా ఒక్క కనెక్షన్‌కే కనిపిస్తుంది, ఒకేసారి ఇద్దరు వస్తే ఏమవుతుంది అని చూడాలంటే రెండు కనెక్షన్లు కావాలి, మొదటిది కమిట్ (రాసింది ఖరారు) చేయనిది రెండోదానికి కనపడదు. నాకు అసలు దెబ్బ తగిలిందే ఆ ఇద్దరి దగ్గర.

టెస్ట్ కోడ్ ఒక్క లైన్ రాయకముందు నేను చేసిన పని ఇంకోటి ఉంది, నా లెక్కలో మొత్తం పనిలో అదే విలువైనది. ఒక నోట్‌బుక్ పట్టుకుని మావయ్య దగ్గర కూర్చున్నాను. "ఏం జరిగితే నీకు తలనొప్పి?" అని అడిగి ఆయన చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాసుకున్నాను. ఒక హాలు ఒకేసారి ఇద్దరికి ఇవ్వకూడదు. క్యాన్సిల్ చేసుకున్నవాళ్ళ తేదీ మళ్ళీ ఖాళీ అవ్వాలి. అడ్వాన్స్ కట్టిన వాళ్ళ పేరు పోకూడదు. గడిచిపోయిన తేదీకి బుకింగ్ తీసుకోకూడదు. నెల ముందు వద్దన్నవాళ్ళకి మొత్తం వెనక్కి ఇవ్వాలి. ఇలా ఒక పేజీన్నర అయింది, ఒక్కో వాక్యం ఒక్కో టెస్ట్. ఇప్పటికీ నా టెస్టుల్లో ప్రతి ఫంక్షన్ పైన ఆ వాక్యం అలాగే తెలుగులో ఉంటుంది, ఎర్రగా మారితే ఏం పోయిందో మావయ్యకి చదివి వినిపించొచ్చు.

రాస్తూ రాస్తూ ఉంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. ఒక హాలు ఒక తేదీకి ఒకరికే అని నేను రాసుకుంటుంటే ఆయన "తేదీ అంటే ఏ తేదీ?" అన్నారు. మనవాళ్ళ ముహూర్తాలు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఎన్ని ఉంటాయో తెలుసుగా. శుభలేఖలో శనివారం రాత్రి 2 గంటల 45 నిమిషాలకు, తెల్లవారితే ఆదివారం అని వేస్తారు. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా అది శనివారమే, కంప్యూటర్‌కి మాత్రం రాత్రి 12 దాటగానే ఆదివారం. ఆ కుటుంబం శనివారం అని బుక్ చేసిందా ఆదివారం అని చేసిందా? ఆదివారం పొద్దున ఇంకెవరికో బారసాలకి ఇచ్చేస్తే పందిట్లో పెళ్ళివాళ్ళు ఇంకా కూర్చునే ఉంటారు. నా డేటాబేస్‌లో బుకింగ్ అంటే ఒక తేదీ కాలమ్, అంతే. ఇది కోడ్‌లో ఉన్న బగ్ కూడా కాదు, ఎవరూ నిర్ణయించని విషయం, టెస్ట్ రాయడానికి కూర్చోకపోతే ఇంకో పెళ్ళి సీజన్ దాకా బయటపడేది కాదు.

చివరికి ఇద్దరం తేల్చుకున్నది ఇదీ: బుకింగ్ అంటే తేదీ కాదు, ఫలానా టైం నుంచి ఫలానా టైం దాకా. పెళ్ళికైతే మధ్యాహ్నం 2 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 దాకా, కడిగి తుడుచుకునే టైం కూడా అందులోనే. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి సరిగ్గా సరిపోయే వస్తువు ఉంది, ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అంటారు, ఒకే హాలుకి రెండు టైం రేంజ్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే రెండోదాన్ని రాయనివ్వదు, క్యాన్సిల్ అయినవాటిని లెక్కలోంచి తీసెయ్ అని షరతు కూడా పెట్టొచ్చు. అన్నట్టు ఎస్‌క్యూలైట్‌లో ఇది లేనే లేదు.

ఇప్పుడు ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తాను. నా పాత కోడ్ ముందు "ఆ తేదీకి బుకింగ్ ఉందా" అని డేటాబేస్‌ని అడిగేది, లేదు అంటే అప్పుడు రాసేది. ఈ రెంటి మధ్య కొన్ని మిల్లీసెకన్ల సందు ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా నడిచే రీడ్ కమిటెడ్ పద్ధతిలో ఒక ట్రాన్సాక్షన్ ఇంకా కమిట్ చేయనిది పక్కదానికి కనపడదు, కాబట్టి ఇద్దరూ ఆ సందులోకి వచ్చారంటే ఇద్దరికీ "లేదు" అనే సమాధానమే వస్తుంది, ఇద్దరూ రాసేస్తారు. మామూలు రోజుల్లో రోజుకి రెండు బుకింగులు వచ్చే సైట్‌లో ఇది ఏళ్ళ తరబడి జరక్కపోవచ్చు, ముహూర్తాలు కొద్దిగా ఉండి అందరూ ఒకే తేదీ కోసం ఎగబడే రోజున జరిగి తీరుతుంది.

దీనికి నేను రెండు టెస్టులు రాశాను, ఎందుకు రెండో చెప్తాను. మొదటిది అందరికీ తట్టేదే, రెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే రెండు పనులు) పెట్టి, బ్యారియర్‌తో రెండింటినీ గీత దగ్గర ఆపి, ఒకేసారి వదిలి, ఒకే స్లాట్‌కి రిక్వెస్ట్ పంపించడం, ఒకదానికి 201 (బుక్ అయింది) రావాలి, ఇంకోదానికి 409 (ఇప్పటికే ఉన్నదానితో కుదరదు) రావాలి, డేటాబేస్‌లో ఒక్క రో మాత్రమే ఉండాలి. చూడ్డానికి బాగుంటుంది కానీ దీన్ని పూర్తిగా నమ్మలేం, బగ్ ఉన్నా సరే ఒక్కోసారి రెండు థ్రెడ్లూ ఆ సందులో కలుసుకోకపోతే పాసైపోతుంది. అందుకే రెండోది: అప్లికేషన్ చెక్‌ని పక్కన పెట్టి, నేరుగా డేటాబేస్‌లోకి ఒకదాని మీద ఒకటి ఎక్కే రెండు బుకింగులు రాయడం, రెండోది రాయబోతే పోస్ట్‌గ్రెస్ 23పీ01 ఎర్రర్, అంటే ఆ కన్‌స్ట్రెయింట్ దాటారు అనే ఎర్రర్ ఇవ్వాలి. ఇందులో అదృష్టానికి చోటు లేదు, కన్‌స్ట్రెయింట్ ఉంటే ఆగుతుంది, ఎవరైనా మైగ్రేషన్‌లో (డేటాబేస్ నిర్మాణం మార్చే స్క్రిప్ట్‌లో) పొరపాటున తీసేస్తే అదే నిమిషంలో టెస్ట్ ఎర్రబడుతుంది. వీటికి తోడు అంచుల మీద ఇంకో రెండు, మొదటి బుకింగ్ 12కి అయిపోతే సరిగ్గా 12కి మొదలయ్యేదాన్ని ఒప్పుకోవాలి, క్యాన్సిల్ చేసిన స్లాట్‌ని మళ్ళీ బుక్ చేయగలగాలి.

ప్రతి కొత్త టెస్ట్‌నీ నేను ఒకసారి కావాలని ఫెయిల్ చేయించి చూస్తాను, కన్‌స్ట్రెయింట్ తీసేసి నడిపి ఎర్రబడిందా లేదా అని. ఒక్కసారి కూడా ఎర్రబడని టెస్ట్ అసలు ఏదైనా చూస్తోందో లేదో మనకెలా తెలుస్తుంది? కవరేజ్ అంకె మీద నాకు నమ్మకం తగ్గిందీ ఇందుకే, ఆ అంకె ఆ లైన్ నడిచిందని చెప్తుంది తప్ప నడిచాక వచ్చిన సమాధానం ఎవరైనా చూశారా అన్నది చెప్పదు. ఏ ఫైల్‌కి టెస్టులు అస్సలు లేవో చూసుకోవడానికి వాడతాను, శాతం కోసం పరిగెత్తను.

టైం విషయం కూడా ఇంతే ముఖ్యం, మన దేశంలో సర్వీస్ నడిపే ప్రతివాళ్ళకీ ఇది తగులుతుంది. సర్వర్ గడియారం మామూలుగా యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన టైం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. అంటే రోజూ రాత్రి 12 నుంచి పొద్దున 5:30 దాకా మనకి తేదీ మారిపోయినా సర్వర్‌కి ఇంకా నిన్నటి తేదీయే. "ఈరోజు ఎంత" అని పైథాన్‌ని ఊరికే అడిగితే ఆ మిషన్ టైంజోన్ ప్రకారం చెప్తుంది, నా ల్యాప్‌టాప్‌లో ఒకటి, సర్వర్‌లో ఇంకోటి. గడిచిపోయిన తేదీకి బుకింగ్ తీసుకోవడం చిన్న తప్పే అనుకున్నా, రిఫండ్ లెక్క ఉంది చూశారూ, 30 రోజుల ముందు క్యాన్సిల్ చేస్తే మొత్తం వెనక్కి అన్నప్పుడు అర్ధరాత్రి దాటాక క్యాన్సిల్ చేసినవాళ్ళకి ఒక రోజు అటో ఇటో అయిందంటే అది వేల రూపాయల తగాదా.

దీనికి టెస్ట్ రాయాలంటే గడియారం మన చేతిలో ఉండాలి. ఫ్రీజ్‌గన్ అనే లైబ్రరీతో పైథాన్ గడియారాన్ని మనకి కావాల్సిన క్షణం దగ్గర ఆపొచ్చు, ఉదాహరణకి మన టైం ప్రకారం రాత్రి ఒంటిగంట దగ్గర ఆపి అప్పుడు బుకింగ్ చేసి చూడటం. ఒక మెలిక ఉంది, ఫ్రీజ్‌గన్ ఆపేది పైథాన్ గడియారాన్నే, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) లోపల మీరు నౌ అనో కరెంట్ డేట్ అనో రాసి ఉంటే పోస్ట్‌గ్రెస్ తన గడియారం తను చూసుకుంటుంది, దానికి ఈ గొడవేమీ తెలియదు. నేను అరపూట ఈ ఒక్కదాని దగ్గర ఖర్చు పెట్టాను. ఇప్పుడు ఎస్‌క్యూఎల్‌లో ఎక్కడా టైం అడగను, కోడ్‌లో ఒకే ఒక్క చోట ఇండియా టైంజోన్ చెప్పి తీసుకుని అక్కణ్ణుంచి క్వెరీకి పంపిస్తాను, టెస్ట్ చేయడం కోసం చేసిన మార్పే అయినా కోడ్ కూడా దానివల్ల శుభ్రపడింది.

డబ్బు దగ్గరికి వస్తే, మొదటి మాట, పాయింట్ నంబర్లతో లెక్క వేయొద్దు. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, 2.5ని రౌండ్ చేస్తే 3 అనుకుంటాం కదా, 2 ఇస్తుంది, సరిసంఖ్య వైపు వంగే పద్ధతి దానిది. పైసల్లో పూర్ణసంఖ్యలుగా పెట్టుకోండి, రేజర్‌పే లాంటి గేట్‌వేలు కూడా అమౌంట్‌ని పైసల్లోనే తీసుకుంటాయి. రెండో మాట, ఇక్కడ యూనిట్ టెస్టులు నిజంగా పనికొస్తాయి, ఎందుకంటే ఇది స్వచ్ఛమైన లెక్క, డేటాబేస్‌తో పని లేదు, ఒక పట్టికలాగా ఇరవై అంకెలు ఇచ్చి ఇరవై జవాబులు సరిచూడొచ్చు. హాలు అద్దె మీద 18 శాతం జీఎస్‌టీ, బిల్లులో 9 కేంద్రానికి 9 రాష్ట్రానికి అని విడివిడిగా చూపించాలి. డిస్కౌంట్ పోగా అద్దె 33,333 రూపాయల 50 పైసలు అయిందనుకోండి. 18 శాతం ఒకేసారి వేస్తే 6,000.03. 9 శాతం వేస్తే 3,000.015, దాన్ని పైకి సర్దితే 3,000.02, రెండుసార్లు కలిపితే 6,000.04. ఒక్క పైసా తేడా, కానీ బిల్లు మొత్తం, విడి వరసలు కలవకపోతే ఆడిటర్ వెనక్కి పంపిస్తారు. ఏది ముందు సర్దాలి అన్నది ప్రోగ్రామర్ నిర్ణయం కాదు, మావయ్య ఆడిటర్‌ని అడిగి, ఆయన చెప్పిన పద్ధతిని టెస్ట్‌గా రాసి పెట్టాను.

పేమెంట్ గేట్‌వే మనకి పంపే వెబ్‌హుక్‌కి కూడా టెస్ట్ ఉండాలి. డబ్బు పడింది అని వాళ్ళు మన సర్వర్‌కి కబురు పంపుతారు, మన దగ్గర్నుంచి సరైన జవాబు టైంకి వెళ్ళకపోతే అదే కబురు మళ్ళీ పంపుతారు. మన కోడ్ రెండుసార్లు విని రెండు అడ్వాన్సులు రాసేసుకుంటే? కాబట్టి టెస్ట్ సింపుల్, అదే వెబ్‌హుక్‌ని అక్షరం మార్చకుండా రెండుసార్లు పంపు, పేమెంట్ రో ఒక్కటే ఉండాలి. సంతకం తప్పుగా ఉన్న వెబ్‌హుక్‌ని తిప్పి కొట్టాలి అన్నది ఇంకో టెస్ట్, లేదంటే ఎవరైనా బయటనుంచి దొంగ కబురు పంపి హాలు ఖరారు చేసుకోవచ్చు.

మరి మాక్ ఎక్కడా వాడకూడదా అంటే, వాడాలి, మన మిషన్ దాటి బయటికి వెళ్ళే వాటికి మాత్రం. టెస్ట్ నడిపిన ప్రతిసారీ నిజం ఎస్ఎంఎస్ వెళ్తే డబ్బులు పోతాయి, ఎవరో పాపం అర్ధరాత్రి మెసేజ్ అందుకుంటారు. అక్కడ ఒక ఉత్తుత్తి పంపేవాణ్ణి పెడతాను, వాడు ఏమీ పంపడు, పంపమన్నవన్నీ ఒక లిస్ట్‌లో దాచుకుంటాడు, టెస్ట్ చివర్లో ఆ లిస్ట్ తీసి ఎవరికి ఏం వెళ్ళేదో చూస్తాను. తెలుగులో మెసేజ్ పంపేవాళ్ళకి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంగ్లీష్ ఎస్ఎంఎస్‌కి ఒక్కో మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగు అక్షరం ఒక్కటి వచ్చినా యూనికోడ్‌లోకి మారి 70కి పడిపోతుంది, అదీ దాటి ముక్కలైతే ఒక్కో ముక్కకి 67. పైగా ఆ లెక్క మన కంటికి కనిపించే అక్షరాలది కాదు. శ్రీలక్ష్మి అన్న పేరు మనకి మూడక్షరాలు, కంప్యూటర్‌కి 11, శ్రీ ఒక్కటే నాలుగు. పెళ్ళికూతురు పేరు కాస్త పొడవుగా ఉంటే ఒక మెసేజ్ డబ్బులకి బదులు రెండిటి డబ్బులు కట్టాల్సి వస్తుంది. ఇంకా డీఎల్‌టీలో (వ్యాపార ఎస్ఎంఎస్‌ల టెంప్లేట్లు ముందే నమోదు చేసుకునే టెలికాం వ్యవస్థ) రిజిస్టర్ చేసిన టెంప్లేట్‌కీ మనం పంపేదానికీ తేడా వస్తే ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది, మనకి పంపినట్టే ఉంటుంది, వాళ్ళకి చేరదు. కాబట్టి టెస్ట్‌లో రిజిస్టర్ చేసిన వాక్యాన్ని విడిగా ఒక ఫైల్‌లో దాచి, కోడ్ తయారుచేసిన మెసేజ్‌లో పేరూ తేదీ తీసేస్తే మిగిలేది దానితో అక్షరం పొల్లు పోకుండా సరిపోతోందా అని చూస్తాను.

ఇక ఇవన్నీ ఎవరు నడపాలి? మనమే గుర్తుపెట్టుకుని నడుపుదాం అంటే మొదటి వారం నడుపుతాం, తర్వాత ఒక రోజు తొందర్లో వదిలేస్తాం, సరిగ్గా ఆ రోజే ఏదో పగులుతుంది. నేను గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్ పంపగానే టెస్టులు తనంతట తనే నడిపే సేవ) వాడుతున్నాను, 2019 నవంబర్ నుంచి అందరికీ అందుబాటులో ఉంది, ప్రైవేట్ ప్రాజెక్ట్ అయినా ఉచిత ప్లాన్‌లో నెలకి 2,000 నిమిషాలు ఇస్తారు, నా టెస్టులు ఒకసారి నడవడానికి రెండు నిమిషాలు పడుతుంది, అంతకన్నా ఎక్కువ నాకు అవసరం రాలేదు. పుష్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త లినక్స్ మిషన్ తీసుకుని, పక్కన పోస్ట్‌గ్రెస్ కంటెయినర్ పెట్టి, మైగ్రేషన్లు మొదటినుంచి నడిపి, టెస్టులు వేసి, పాసైతేనే డిప్లాయ్ (కొత్త కోడ్‌ని లైవ్ సర్వర్‌కి పంపడం) దాకా వెళ్ళనిస్తుంది. అక్కడ ఒక్క జాగ్రత్త, పోస్ట్‌గ్రెస్ లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, హెల్త్ చెక్ పెట్టకపోతే అది లేవకముందే టెస్టులు మొదలై ఒక రోజు పాస్ ఒక రోజు ఫెయిల్ అవుతుంటాయి. ఆ మిషన్ యూటీసీలో నడవడం కూడా మనకి లాభమే, ల్యాప్‌టాప్‌లో దాక్కున్న టైంజోన్ తప్పులు అక్కడ బయటికొస్తాయి.

అలా ఒకసారి పాస్ ఒకసారి ఫెయిల్ అయ్యే టెస్టుల్ని ఫ్లేకీ అంటారు, వాటిని "మళ్ళీ నడుపు, పోతుందిలే" అని వదిలేయొద్దు, దయచేసి. రెండుసార్లు అలా చేశాక మూడోసారి నిజం బగ్ వచ్చినా అదే అనుకుని మళ్ళీ నడుపుతాం. ఎక్కువగా కారణాలు ఇవే ఉంటాయి: ఒక టెస్ట్ ఇంకో టెస్ట్ వదిలిన డేటా మీద ఆధారపడటం, ఐడీ 1 అని గట్టిగా రాసేయడం, అసలు గడియారం వాడటం, రెండు సెకన్లు ఆగు అని స్లీప్ పెట్టడం. పైటెస్ట్ ర్యాండమ్‌లీ అని ఒక ప్లగిన్ ఉంది, టెస్టుల వరస ప్రతిసారీ కలిపేస్తుంది, నేను పెట్టిన రోజే నాలుగు టెస్టులు పడిపోయాయి, అన్నీ ముందు టెస్ట్ వదిలిన హాలు రో మీద బతుకుతున్నవే.

బ్రౌజర్ టెస్ట్ మాత్రం ఒక్కటే ఉంచాను, ప్లేరైట్ అనే, బ్రౌజర్‌ని నడిపే టూల్‌తో. తేదీ ఎంచుకుని, వివరాలు నింపి, గేట్‌వే టెస్ట్ మోడ్‌లో డబ్బు కట్టి, ఖరారు పేజీ దాకా వెళ్ళి చూస్తుంది. ఏపీఐ అంతా బాగుండి బటన్ మాత్రం పనిచేయకపోతే మిగతా టెస్టులు ఏవీ చెప్పలేవు కాబట్టి ఆ ఒక్కటీ కావాలి, ఇంకా పెంచితే పేజీ డిజైన్ మారిన ప్రతిసారీ వాటి వెనకే తిరగాల్సి వస్తుంది. డిప్లాయ్ అయ్యాక ఇంకో చిన్న స్క్రిప్ట్ లైవ్ సర్వర్‌ని అడుగుతుంది, నువ్వు నడుపుతున్న వెర్షన్ ఏది, డేటాబేస్ అందుతోందా అని. ఇది అతి జాగ్రత్త అనిపిస్తే 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీకి జరిగింది చూడండి, ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వెళ్ళింది, మిగిలిన ఒక్కదాంట్లో ఎప్పుడో వాడటం మానేసిన పాత కోడ్ మేలుకుని ముప్పావుగంటలో సుమారు 44 కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది. మనది ఒక్క సర్వరే కావచ్చు, పాత ప్రాసెస్ చావకుండా కొత్తది వచ్చిందనుకోవడం ఒక్క సర్వర్‌లోనూ జరుగుతుంది, నాకు జరిగింది.

పాత అరవై టెస్టుల్లో నలభై తీసేశాను. తీసేసేటప్పుడు చేయి కాస్త వణికింది, కానీ డేటాబేస్‌ని మాక్ చేసి రాసిన ఏ టెస్టూ ఏడాదిలో ఒక్క బగ్ కూడా పట్టలేదు, పైగా కోడ్‌లో ఫంక్షన్ పేరు మార్చినా పది టెస్టులు విరిగేవి. ఏపీఐ తలుపు దగ్గర నిలబడి రాసిన టెస్టులకి లోపల గోడలు మార్చుకున్నా పట్టింపు లేదు. తేదీ కాలమ్ తీసేసి టైం రేంజ్‌కి మారినప్పుడు లోపల సగం కోడ్ మారింది, టెస్టుల్లో మారినవి రెండో మూడో. కొత్తగా ఏ బగ్ బయటపడినా ముందు దాన్ని చూపించే టెస్ట్ రాసి, ఎర్రబడ్డాకే కోడ్ ముట్టుకుంటున్నాను.

ఆ నోట్‌బుక్ ఇప్పుడు మావయ్య హాలు ఆఫీసు టేబుల్ మీదే ఉంటుంది, ఆయనకి తోచినప్పుడల్లా ఒక వాక్యం రాస్తారు, నేను వెళ్ళినప్పుడు చూసుకుంటాను. మొన్న వెళితే చివర్లో ఆయన దస్తూరీలో ఇలా ఉంది: "ఒకే పెళ్ళికి ఆడపెళ్ళివారు ఒకసారి, మగపెళ్ళివారు ఒకసారి, ఒకరికి తెలియకుండా ఒకరు బుక్ చేస్తే?" ఇప్పటి కోడ్ ప్రకారం రెండోవాళ్ళకి ఖాళీ లేదు అని వస్తుంది, వాళ్ళు కంగారుపడి ఇంకో హాలుకి అడ్వాన్స్ కట్టేస్తారు. మొదట బుక్ చేసినవాళ్ళ పేరు చెప్దామా అంటే అది ఇంకొకరి వివరాలు బయటపెట్టడం అవుతుంది. దాని టెస్ట్ ఇంకా రాయలేదు, ఏం జరగాలో మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.